జహ్రా కథకు వరస కట్టినదాన్ని

చచ్చిపోయిన కెప్టెన్ తాత నాలుగో క్యాసెట్లో లేచి కూర్చుని చేపలు కాల్చుకు తింటున్నాడు. రెండో క్యాసెట్లో ఆయన్ని దుప్పట్లో చుట్టి సముద్రంలోకి జారవిడిచినప్పుడు నేను రెండు పూటలు అన్నం మానేశాను. ఎనిమిదేళ్ళ పిల్లని అంత ఏడిపించి, మళ్ళీ పళ్ళికిలిస్తూ కనబడితే ఒళ్ళు మండదా? నాకు మండింది. నాకు చిన్నప్పటినుంచీ కోపం ఎక్కువే, దానితోపాటు ఎవరైనా అబద్ధం చెబితే పట్టుకు తీరాలన్న పట్టుదల కూడా ఎక్కువే. ఈ రెండోదే కొంప ముంచింది.

మా అమ్మ లోవమ్మ 1994లో కువైట్ వెళ్ళింది, ఒక అరబ్బుల ఇంట్లో పనికి. నాకప్పటికి ఏడేళ్ళు. నాన్న సత్తిబాబు కొబ్బరి దింపు పని చేసేవాడు. తాటిపాక చుట్టుపక్కల ఆయన ఎక్కని చెట్టు లేదు. అమ్మకి వీసా పంపించింది ఆమె చిన్ననాటి నేస్తం గంగాదేవి పిన్ని. మా వీధిలో కలర్ టీవీ, వీసీఆర్ ఉన్నది కూడా వాళ్ళింట్లోనే. పిన్ని 97లో తిరిగొచ్చేసింది. అమ్మ రాలేదు.

రాయడం రానివాళ్ళు అప్పట్లో గల్ఫ్ నుంచి టేపులు పంపేవారు. మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చే మనిషి చేతికిచ్చేవారు. అమ్మ టేపులో ఏ సైడు నాన్నకి, బి సైడు నాకు. దానితోపాటు నాకొక వీడియో క్యాసెట్ కూడా వచ్చేది. జపాను వాళ్ళ బొమ్మల సీరియల్, మాటలు మాత్రం అరబ్బీ. జహ్రా అనే తొమ్మిదేళ్ళ పిల్ల తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఓడలో దేశాలు తిరుగుతుంది. వందా, నూటయాభై భాగాలు సాగిన కథట అది. అమ్మ పనిచేసే ఇంట్లో పిల్లలు టీవీలో వచ్చినదాన్ని రికార్డు చేసుకుని, మోజు తీరాక పారేస్తే, అమ్మ ఏరి నాకు పంపేది. నాకు అరబ్బీ రాదు కనుక బి సైడులో కథంతా తెలుగులో చెప్పేది. మొదటి టేపులోనే ఒక మాట అంది.

"జహ్రాకి తమ్ముడు దొరికేసరికి నేను కూడా నీ దగ్గరికి వచ్చేస్తానమ్మా. ఆ కథా, నా పనీ ఒకేసారి అయిపోతాయి."

ఏదో పిల్లని ఊరుకోబెట్టడానికి అన్న మాట. నేను దాన్ని రాతకోతల ఒప్పందంలా పట్టుకున్నాను. కథ ఎంతదాకా వచ్చిందో తెలిస్తే అమ్మ రావడానికి ఎంతకాలం ఉందో తెలిసిపోతుంది. అయితే ఆ పాడు కథ ఎంతదాకా వచ్చిందో చెప్పడం ఎవరి తరం? చచ్చిన కెప్టెన్ బతికొస్తాడు. మూడో క్యాసెట్లో తగలబడిన రేవు అయిదో దాంట్లో కొత్త సున్నం కొట్టుకుని నిలబడి ఉంటుంది. కెప్టెన్ కనుబొమ మీద కత్తిగాటు ఒక క్యాసెట్లో ఉంటుంది, తరవాతి దాంట్లో ఉండదు, ఆ తరవాతి దాంట్లో ఆ కత్తిదెబ్బ తగులుతుంది. ఆరో క్యాసెట్లో తమ్ముడు దొరికాడు. నేను ఎగిరి గంతేసి వీధంతా చెప్పుకున్నాను, అమ్మ వచ్చేస్తోందని. ఏడో క్యాసెట్లో జహ్రా మళ్ళీ తమ్ముడి బొమ్మ పట్టుకుని ఊరూరా అడుగుతోంది. దొరికాడని ఆ ఓడలో ఒక్కరికీ గుర్తులేదు.

ఇక్కణ్ణుంచి మేం పంపే టేపులో నా వంతు వచ్చినప్పుడు ఇవే ప్రశ్నలు. నాలుగైదు నెలలకి జవాబు వచ్చేది.

"తాత చచ్చిపోలేదమ్మా, స్పృహ తప్పేడంతే."

నీళ్ళలో పడేశారు కదా అని మళ్ళీ అడిగితే, ఇంకో టేపులో, "ఈయన ఆయన తమ్ముడమ్మా, ఒకే పోలిక" అనేది. రేవు సంగతి అడిగితే, "అది జహ్రాకి వచ్చిన కల" అనేది. నేను ఒక లాంగ్ నోట్‌బుక్కులో అన్నీ రాసి పెట్టుకున్నాను. గడ్డం రంగుకి ఒక గడి, గాటుకి ఒక గడి, తెరచాపకి ఎన్ని అతుకులున్నాయో దానికొక గడి. కెప్టెన్లు ఇద్దరు అని ఒక సిద్ధాంతం. రేవులు రెండు అని ఇంకొకటి. చివరికి జహ్రాలే ఇద్దరు అని కూడా రాశాను. లెక్కల్లో నాకు ముప్పైఅయిదు దాటేవి కావు గాని ఈ తిక్కలెక్కలో మాత్రం తెల్లకాగితం మిగల్చలేదు.

2000 మే నెలలో నేను పెద్దమనిషినయ్యాను. అమ్మ లేకుండానే ఫంక్షన్ చేశారు. పీట మీద కూర్చోబెట్టి వచ్చినవాళ్ళంతా అక్షింతలు వేస్తూ, "తల్లి ఉంటే ఆ కళే వేరు" అన్నారు, నా చెవులు పనిచేయవన్నట్టు.

"అమ్మ రాదా?" అని నాన్నని అడిగాను.

"మేడంగారు సెలవివ్వలేదమ్మా. వచ్చే ఏడు తప్పకుండా వస్తుంది" అన్నాడు నాన్న. వచ్చే ఏడు అన్న మాట ఆరేళ్ళుగా వింటున్నాను. ఆ వేళ నా కోపానికి ఒక కాపురం దొరికింది.

ఫంక్షన్ అయిన పది రోజులకి గంగాదేవి పిన్ని ఇంట్లో కూర్చుని ఏడో క్యాసెట్ మళ్ళీ వేయబోతున్నాను. పిన్ని మల్లెమొగ్గలు మాల కడుతూ క్యాసెట్ వీపు మీదున్న చీటీ చూసింది.

"అదేంటే, పన్నెండు నుంచి పదిహేడని రాసుంది. దీన్ని అంత వెనక పెట్టేవేం?"

"రాసి ఉందా? ఎక్కడ?"

ఆ చీటీల మీది గీతల్ని నేను ఆరేళ్ళుగా చూస్తున్నాను. అవి అంకెలని నాకు తెలియదు. అమ్మకీ తెలిసి ఉండదు, ఆమెకి తెలుగు అంకెలే అంతంతమాత్రం. పిన్ని అయిదేళ్ళు అక్కడ సరుకుల ధరలు చూసి చూసి నేర్చుకుంది. తొమ్మిది క్యాసెట్లూ ఆమె ముందు పరిచాను. ఒక్కొక్కటీ చదివింది. రెండోది అరవైఒకటి నుంచి. ఆరోది నూట ముప్పైనుంచి. నాలుగోది మొదటి భాగాలు. పావుగంటలో ఆరేళ్ళ చిక్కు విడిపోయింది. కథలో తప్పేమీ లేదు. కెప్టెన్ ఒక్కడే, ఒక్కసారే చచ్చిపోయాడు. తమ్ముడు చిట్టచివర్న దొరికాడు, దొరికినవాడు మళ్ళీ పోలేదు. ఏ క్యాసెట్ ముందు ఊరికి చేరితే దాన్నే మొదటిదనుకున్నాం, అంతే. పైగా వరసలో పెట్టి చూస్తే జహ్రా కూడా పెరిగింది. మొదట్లో భుజాల మీదుండే జుట్టు చివరి క్యాసెట్లో నడుం దాటింది. కలగాపులగంగా చూడబట్టి మాకు తెలియలేదు. రేవుకి సున్నం సంగతి ఒక్కటే ఎటూ అతకలేదు. అది బొమ్మలు వేసినవాళ్ళ పొరపాటయి ఉంటుంది.

రెండు రోజులు గాల్లో తేలాను. మూడో రోజు ఇంకో ప్రశ్న పుట్టింది. ఒకే ఇంట్లో, ఒకే పిల్ల, వస్తున్న సీరియల్ని వస్తున్నట్టు రికార్డు చేస్తుంటే, అరవైఒకటి ముందూ ఒకటి వెనకా ఎలా వస్తాయి? మళ్ళీ చీటీలు చూశాను. మూడు రకాల చేతిరాతలు. ఒకటి పసిపిల్లల కొక్కిరాయి రాత, ఒకటి ఆకుపచ్చ సిరాతో, ఒకటి పెద్దవాళ్ళ గుండ్రటి రాత.

నాన్న పనికి వెళ్ళాక బిస్కెట్ల డబ్బాలోంచి అమ్మ టేపులన్నీ తీసి ఏ సైడులు వినడం మొదలుపెట్టాను. ఈసారి వినాల్సింది జహ్రా కథ కాదు. 94లో, "మేడంగారి పాపకి అయిదేళ్ళండి, నన్నొదలదు" అంది అమ్మ. 98లో కూడా మేడంగారి పాపకి అయిదేళ్ళే. 95లో మూడంతస్తుల మేడ మెట్లు కడగలేక నడుం పడిపోతోంది. 97లో లిఫ్టు చెడిపోయి ఎనిమిదో అంతస్తుకి సరుకులు మోసింది. 99లో అసలు మేడే లేదు, పెరట్లో ఖర్జూరం చెట్టు కింద బట్టలు ఆరేస్తోంది. నోట్‌బుక్కులో కొత్త పేజీ తీసి గళ్ళు గీశాను. పాప వయసుకి ఒక గడి, ఇంటికి ఒక గడి, చీటీ రాతకి ఒక గడి. మూడు ఇళ్ళు తేలాయి. నాన్నేమో ఆరేళ్ళుగా అందరితో ఒకే ఇల్లు, ఒకే మేడం అంటున్నాడు.

నోట్‌బుక్కు పట్టుకెళ్ళి పిన్ని ముందు పెట్టాను. పిన్ని చదివి, లేచి వీధి తలుపు వేసి వచ్చింది.

"ఎవరు చెప్పేరే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే కట్టేను."

చెప్పక తప్పలేదు ఆవిడకి. 96లో అమ్మ మొదటి ఇంట్లోంచి పారిపోయింది. పాస్‌పోర్టు, అక్కడ ఉండనిచ్చే అకామా కార్డు ఆ ఇంటివాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. ఆ రోజు ఆమెని దాచింది పిన్నే. అప్పటినుంచీ దొంగచాటుగా ఇళ్ళు మారుతూ పనిచేస్తోంది. గల్ఫ్‌లో అలాంటి వాళ్ళని ఖల్లివెల్లి అంటారు. పోలీసుల కంటబడితే జైలు, ఆ తరవాత ఇంటికి పంపేస్తారు. మగవాడు ఖల్లివెల్లి అయితే మనవైపు అయ్యో పాపం అంటారు. ఆడది అయితే ఎవడితో పోయిందని అడుగుతారు. అందుకే నాన్న నోరు కుట్టేసుకున్నాడు.

"మీ నాన్నకీ నాకూ తప్ప మూడో కంటికి తెలీదు. ఎవరితోనూ అనకమ్మా. నీకు దణ్ణం పెడతాను" అంది పిన్ని.

ఆవిడ చెప్పినదాంట్లో నాకు వినబడింది ఒకటే. అమ్మ వచ్చే ఏడు రాదు, ఆ పై ఏడూ రాదు, ఇన్నాళ్ళూ అందరూ కలిసి నన్ను ఆడించారు. జాలి కలగవలసిన చోట నాకు కోపం వచ్చింది. పదమూడేళ్ళు అని సర్దిచెప్పుకోవచ్చు. నేను చెప్పుకోను.

అమ్మకి ఉత్తరం రాశాను. చదవడం రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకుంటుందిలే అనుకున్నాను. ఎవరితోనూ అనొద్దంది పిన్ని, అమ్మ ఎవరో కాదు కదా! నాలుగు పేజీలు. మొదటి ఇల్లు ఇది, ఫలానా నెలలో పారిపోయావు, రెండో ఇల్లు ఎనిమిదో అంతస్తు, ఇప్పుడున్నది ఖర్జూరం చెట్టున్న ఇల్లు, నువ్వు ఖల్లివెల్లివి, నాకు అంతా తెలుసు, ఇంక అబద్ధాలు చెప్పకు, వచ్చెయ్. నా తెలివి చూసి అమ్మ నివ్వెరపోవాలి. అదీ నా కోరిక. అమ్మ చివరి టేపులో చెప్పిన పేట పేరు, వీధిలో ఉన్న బేకరీ పేరు కూడా రాశాను, రుజువుగా.

ఆ ఆగస్టులో తాటిపాక నుంచి పెదబాబు అనే ఆయన డ్రైవర్ వీసా మీద కువైట్ బయల్దేరాడు. మా చుట్టుపక్కల నలభై ఇళ్ళవాళ్ళు ఆయన చేతికి ఏదో ఒకటి ఇచ్చారు. మనిషి చేత పంపే ఏ పొట్లానికీ మూత వేయకూడదు, ఏ కవరూ అంటించకూడదు. విమానాశ్రయంలో విప్పమంటే తీసుకెళ్ళేవాడి మెడకి చుట్టుకుంటుంది కనుక ఆయన అన్నీ చూసి మరీ పెట్టెలో పెట్టుకుంటాడు. ఆవకాయ సీసా అయినా, ఉత్తరమైనా అంతే. గల్ఫ్‌కి మనుషుల్ని పంపే ప్రతి ఇంట్లో పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. నాకూ తెలుసు. తెలిసే, అంటించని కవరు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"మీ అమ్మకేనా పాపా?"

"ఆయ్."

సెప్టెంబరు చివర్లో అమ్మ పట్టుబడింది. అక్టోబరులో, పాస్‌పోర్టు లేనివాళ్ళకిచ్చే ఔట్‌పాస్ మీద, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచితో రాజోలులో బస్సు దిగింది. వేలిముద్రలు తీసుకుని, ఇంకెప్పుడూ రాకుండా చేసి పంపారు. నన్ను చూసి "ఎవరమ్మా" అనబోయి ఆగింది. నేను చూశాను ఆ ఆగడం. ఎడమ మోచేతి కింద ఇస్త్రీపెట్టె మొనలా కాలిన మచ్చ ఉంది. అది మొదటి ఇంటిదని తరవాత తెలిసింది. ఇంకేం జరిగిందో అమ్మ ఇప్పటిదాకా చెప్పలేదు, నేను అడగలేదు. అమ్మ రావాలని కోరుకున్నాను, వచ్చింది.

ఉత్తరం మాట అమ్మ ఎత్తలేదు. అందలేదు కాబోలు అనుకున్నాను. ఉత్తరం వెళ్ళింది ఆగస్టు, పట్టుబడింది సెప్టెంబరు. నూటయాభై భాగాలకి వరస కట్టినదాన్ని, ఈ రెండు తేదీల్నీ పక్కపక్కన పెట్టకుండా జాగ్రత్తపడ్డాను.

వరస కట్టింది అమ్మే. పోలీసులు నేరుగా ఖర్జూరం చెట్టున్న ఇంటికే వచ్చేరట. దారిన పోతుంటే పట్టుకున్నది కాదు, ఎవరో ఆనవాళ్ళు ఇచ్చి పంపిన పట్టివేత.

"నా సంగతి లోకంలో తెలిసింది ముగ్గురికి. నాకు తెలుసు, మీ నాన్నకి తెలుసు, ఆ గంగకి తెలుసు. నేను చెప్పుకోను, ఆయన చెప్పడు. ఇంకెవరు మిగిలేరు?" అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను తడుముకోలేదు. అమ్మకి మంచినీళ్ళిచ్చాను.

నవంబరులో ఒక పొద్దున్నే పిన్ని మా వాకిట్లోకి వచ్చింది. అప్పటికి వీధివీధంతా ఆవిణ్ణి కొంపలు కూల్చేది అంటోంది. తలస్నానం చేసి, తడి జుట్టుతోనే అరచేతిలో కర్పూరం బిళ్ళ వెలిగించుకుంది.

"లోవా, నేను చెప్పుంటే నా పిల్లలు నాకు దక్కరు. ఇదిగో" అని ఆ మంటని పిడికిట్లో మూసి ఆర్పింది.

అమ్మ తలుపు వేసేసింది. తలుపు వెనకాలే నేనున్నాను. ఆ సందులోంచి చూస్తే పిన్ని చెయ్యి విదిలించుకోలేదు, అలాగే పట్టుకుని నిలబడింది. ఒక్క మాట నోట్లోంచి రావాలి. గొంతుదాకా వచ్చింది. వచ్చి, అక్కడే కాపురం పెట్టింది.

ఆ తరవాత కూడా పిన్ని మానలేదు. పండక్కీ పబ్బానికీ కబురు పంపేది, దారిలో అమ్మ ఎదురైతే ఆగేది. అమ్మ మొహం తిప్పుకునేది. అలా మూడేళ్ళు. 2003 వేసవిలో పెదబాబు సెలవు మీద వచ్చాడు. తాటిపాక సెంటర్లో నన్ను ఆపి, మడతలు నలిగి నూనె మరకలు పడ్డ నా ఉత్తరం చేతిలో పెట్టాడు.

"ఇవ్వడానికి కుదర్లేదు పాపా. ఎవరిచేతైనా మీ అమ్మకి చేరుద్దామని రూములో పెడితే, శుక్రవారం పూట కుర్రాళ్ళు సరదాకి చదివేరు. వాళ్ళలో ఒకడికి పోలీసులతో రాకపోకలున్నాయని నాకు తెలీదు. మీ అమ్మగారితో ఏమీ అనలేదండి నేను" అన్నాడు. పదహారేళ్ళ పిల్లని అండి అన్నాడు. భయపడ్డట్టున్నాడు.

ఆ ఉత్తరం ఆ పూటే పొయ్యిలో పెట్టాను. సరిగ్గా అదే వేసవినుంచి పిన్ని కబుర్లు ఆగిపోయాయి. విసిగిపోయింది కాబోలు అనుకున్నాను.

2006లో రాజోలు బస్టాండులో పిన్ని కనబడింది. బాగా చిక్కిపోయింది. కడుపులో ఏదో గడ్డ, కాకినాడ తీసుకెళ్ళి చూపిస్తున్నారంది. బల్ల మీద పక్కకి జరిగి చోటిచ్చింది. ఏం చదువుతున్నావని అడిగింది. డిగ్రీ అన్నాను.

"పెదబాబు ముందు నా దగ్గరికే వచ్చేడే" అంది, బస్సులకేసి చూస్తూ. "ఆ ఉత్తరం నాకే ఇచ్చేడు. నీకే ఇచ్చెయ్యమని నేనే పంపేను."

"మరి అమ్మకి ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"చెప్తే ఏమవుద్దే? ఆరేళ్ళు నీ మొహం చూడకుండా బతికింది. మళ్ళీ చూడకుండా చెయ్యమంటావా? నేనంటే పక్కింటిదాన్ని, లేకపోయినా గడిచిపోద్ది." అరచెయ్యి చీర కుచ్చిళ్ళకి రాసుకుంది. "ఎప్పుడన్నా చెప్పాలనిపిస్తే నువ్వే చెప్పు. నేను పోయేలోపైతే బాగుంటది."

"చెప్తాను" అన్నాను. ఒట్టు కూడా వేశాను. బస్సు వచ్చింది.

రెండేళ్ళు గడువుంది నాకు. ఎన్నిసార్లు మొదలుపెట్టానో నాకే తెలుసు. అమ్మ జ్వరంతో ఉన్నప్పుడు ఇప్పుడెందుకనుకున్నాను. అమ్మ నవ్వుతున్నప్పుడు ఇప్పుడెందుకనుకున్నాను. అసలు సంగతి నాకు తెలుసు: అమ్మ దొరికి ఆరేళ్ళే అయింది, ఆమె కళ్ళలో మళ్ళీ ఆ "ఎవరమ్మా" చూడలేను. పిరికితనానికి ప్రేమని పేరుపెట్టుకుని పొద్దు గడిపాను.

2008 జూలైలో పిన్ని పోయింది. కబురు తెచ్చిన మనిషి వీధిలోంచే చెప్పి వెళ్ళిపోయాడు. నాన్న కండువా వేసుకుని బయల్దేరాడు. అమ్మ వంటింట్లో దోసకాయ తరుగుతోంది. కత్తిపీట ఆపలేదు.

"చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత" అంది. కళ్ళు తుడుచుకుని నాకేసి తిరిగింది. "ఎంత నేస్తమే మాది! ఒక్కసారి వచ్చి నేనే చెప్పేను లోవా, తప్పయిపోయింది అనుంటే క్షమించేసేదాన్ని కదా. ఏం, క్షమించేదాన్ని కానా?"

"క్షమించేదానివే అమ్మా" అన్నాను.